ఇసావా షూజి పరదేశ సంగీతాభ్యాసము

1872 వ సంవత్సరమున జపాను ప్రభుత్వమువారు దేశమంతటికిని వర్తించునట్లుగా నొక విద్యాశాసనమును బ్రకటించిరి. అందుఁ బ్రాథమికపాఠశాలలలో బోధింపవలసిన విషయముల పట్టికలోఁ గడపట గానము పేర్కొనఁబడినది. దాని క్రిందనే, అది ప్రస్తుతమునకు లేదను చిన్న వివరణము చేర్పఁబడినది. ఒక విషయమును విధించుచు నచటనే దానిని నిషేధించుట వింతగాఁ దోఁపవచ్చును. మీమాంసకుఁడైనచో నిచట విధినిషేధముల బలాబలములను జర్చింపఁబూనును. కాని కారణము సులభమైనది: బడిలో నేమి పాడింపవలయునో నాఁడు తెలిసినవారు లేరు.

జపానులో సంగీతము లేకపోలేదు. ఉన్న సంగీతములు పెక్కులు. వానిలో నొక్కటియు నెల్లవారిది కాదు. వంశపరంపరగా వచ్చు వాదకులు వాయించు గగాకు రాజగృహమునకును దేవాలయములకును జెల్లినది. నో యను నాటకగానము క్షత్రియవర్గమువారి యాదరమునఁ బెరిఁగినది. కోతో యను తంత్రీవాద్యముపై నధికారము చిరకాలము అంధవాదకుల సంఘమునకుండెను. ఆ సంఘము 1871 లో రద్దు చేయఁబడినది. షామిసెన్ అను మూఁడుతంత్రుల వాద్యము నాటకశాలలకును వేశ్యావాటికలకును జెందినదని పెద్దలు దానిని బడి గడప త్రొక్కనీయరైరి. క్రొత్త శాసనమో యన్ని వర్గముల బాలబాలికలును బడికి రావలెనని చెప్పుచున్నది. వీరందఱును గలసి పాడఁదగిన పాట యేది? దీనికిఁ బ్రత్యుత్తరము దొరకమిచేతనే గానము శాసనమునఁ బేరుమాత్రముగా నిలిచినది. దానికిఁ బ్రత్యుత్తరము వెదకినవాఁడు ఇసావా షూజి. వెదకుటకు ముందుగా నాతఁడు పాటలోఁ దప్పిన విద్యార్థి.

పరదేశమునకుఁ బోయి సంగీతమును నేర్చివచ్చుట జపానీయులకుఁ గ్రొత్తగాదు. 717 లోఁ జీనాకుఁ బోయిన కిబి నో మకిబి యను విద్యార్థి 735 లో మరలివచ్చి రాజున కర్పించిన వస్తువులలో శ్రుతిని నిర్ణయించు రాగి గొట్టములును, పదిసంపుటముల సంగీతశాస్త్రగ్రంథ మొకటియుఁ గలవు. ఆ గ్రంథము తన జన్మభూమియగు చీనాలో నశించినది. దానిలో మూఁడు సంపుటములు జపానులో నేఁటికిని నిలిచియున్నవి. మఱి నూఱేండ్లకు, 838 లోఁ బోయిన రాయబారముతోఁ జీనా చేరిన ఫుజివారా నో సదతోషి యచటఁ బీపా యను వీణావిశేషము నభ్యసించి వచ్చెను. ఈ నడుమ 736 లో బోధిసేనుఁ డను భారతీయభిక్షువు జపానుఁ జేరెను. 752 లో నారానగరపు మహాబుద్ధవిగ్రహమునకు నేత్రోన్మీలనముఁ గావించినవాఁ డాతఁడే. ఆతనితోఁ గూడవచ్చిన చంపాదేశపు భిక్షువు నేర్పిన నృత్యగీతములు గగాకులోఁ జేరినవని యచటివారి సంప్రదాయము.

ప్రసక్తవశమున నొకమాట. జపానీయుల యక్షరమాలకు నేఁడున్న క్రమము బౌద్ధులు చేసిన సిద్ధమాతృకాక్షరాభ్యాసమునుండి వచ్చినది. అ, ఇ, ఉ, ఎ, ఒ అను నైదచ్చులు ముందు. పిదప క, స, త, న, హ, మ, య, ర, వ. కవర్గము మొదట, చవర్గస్థానమున స, తరువాతఁ దవర్గమును దాని యనునాసికమును, పవర్గస్థానమున నిప్పుడు హకారమున్నను బ్రాచీనమున నది పకారమే, తరువాత మకారము, తుద నంతస్థములు. కంఠమునుండి యోష్ఠమువఱకు సాగు మన వర్ణసమామ్నాయక్రమమే యిది. లకారము లేదు, రేఫయే దానిపనిని జేయును. ఈ చివరి సంగతి ముందు రాఁగల కథకు సంబంధించినది.

ఇసావా 1851 లో షినానో మండలమునందలి తకాతో సంస్థానమున నొక సామాన్యక్షత్రియకుటుంబమున జన్మించెను. సంస్థానపు సేన పాశ్చాత్యపద్ధతి కవాతు నేర్చుకొను కాలమది. బాలుఁడగు నాతఁడు కవాతున భేరి వాయించెను. ఆతఁ డెఱిఁగిన మొదటి పరదేశసంగీత మా భేరీశబ్దమే కావచ్చును. అందుఁ దాళము కలదుకాని స్వరములేదు. తరువాత సంస్థానముచే నెన్నుకొనఁబడి రాజధానిలోని యున్నతపాఠశాలలోఁ జదివి, విద్యాశాఖలోఁ బ్రవేశించి, 1874 లో ఐచి యుపాధ్యాయపాఠశాల కధ్యక్షుఁడయ్యెను. అప్పటి వయస్సు ఇరువదిమూఁడు. శిశువుల కాటలతోఁ బాటలు నేర్పవలయునని పాశ్చాత్యగ్రంథములలోఁ జదివి, యా ప్రాంతపు బాలురు పాడుకొను సీతాకోకచిలుకపాటవంటివానిని గ్రహించి, వానికాటలు గూర్చి నడిపించెను. శాసనము లేదన్న గానమును మొదట బడిలోఁ బెట్టిన వారిలో నీతఁ డొకఁడు. ఆ సీతాకోకచిలుక యీ కథలో మరల వచ్చును.

1875 లోఁ బ్రభుత్వమువా రుపాధ్యాయవిద్యను నేర్చుటకై మువ్వురిని అమెరికాకుఁ బంపిరి. తకామినే హిడెయో యొక పాఠశాలకును, కోజు సెన్‌జబురో మఱియొకదానికిని, ఇసావా మసాచుసెట్సు రాష్ట్రమునందలి బ్రిడ్జివాటరు ఉపాధ్యాయపాఠశాలకును జేరిరి. గణితాదివిషయము లాతనికిఁ గష్టమైనవి కావు. రెండు విషయములు మాత్రము లొంగలేదు: ఒకటి యాంగ్లోచ్చారణము, రెండవది గానము.

ఆ రాష్ట్రమున నుపాధ్యాయుఁడు కాఁగోరువాఁడు పాట నేర్వవలసినదే. తరగతిలో స్వరసోపానమును బాడించునప్పు డీ విద్యార్థి షడ్జ ఋషభ గాంధారములను సరిగానే యెక్కును; నాల్గవ మెట్టునఁ దడఁబడును. పంచమ ధైవతములు మరల వచ్చును. ఏడవ మెట్టునఁ గాలు జాఱును. ఇది యొక్కని దోషము కాదు, ఆ కాలపు జపానీయులందఱిదియు. తరువాత జపానులో మొదటితరము విద్యార్థులకుఁ బాట నేర్పినప్పుడును ఈ రెండు స్వరములే కొఱకరాని కొయ్యలైనవి.

కారణము నాలోచింపవలయును. పాశ్చాత్యుల ప్రధానస్వరక్రమము మన ధీరశంకరాభరణమువంటిది. అందు మధ్యమ నిషాదములను దీసివేసినచో మిగులునది సరిగపధ, అనఁగా మోహనము. జపాను గానములలోఁ బెక్కింటికి మోహనమునకుఁ దగు నైదుస్వరములే యాధారము. అంతరగాంధారమున కర్ధస్వరము పైన శుద్ధమధ్యమమున్నది. షడ్జమున కర్ధస్వరము క్రింద కాకలినిషాదమున్నది. మోహనమున నీ యర్ధాంతరములు రెండును లేవు. అలవాటుపడిన కంఠము గాంధారమునుండి పంచమమునకు గంతువేయును. నడుమ నిలువుమనఁగా నెచట నిలువవలెనో దానికిఁ దెలియదు.

దీనినిఁబట్టి జపానీయుల చెవి కర్ధస్వరములే తెలియవని కొందఱు వ్రాసిరి. అది పొరపాటు. కోతో షామిసెన్ వాద్యములపై వాయింపఁబడు నగరసంగీతమునకు సరిమపధ యను వేఱొక యైదుస్వరముల క్రమము కలదు. అందు ఋషభధైవతములు రెండును శుద్ధములు. మన సావేరి యారోహణముతో నది సరిపోవును. షడ్జమునకును ఋషభమునకును నడుమ, పంచమమునకును ధైవతమునకును నడుమ నర్ధాంతరములే యున్నవి. కావున నర్ధాంతరమును బలుకలేని కంఠము కాదది. తనకుఁ బరిచితమైన చోటఁ బలుకును, మఱియొకచోటఁ బలుకదు. లోపము శక్తిలోఁ గాదు, స్థానములో.

శబ్దశాస్త్రము చదివినవారి కిది వింత కాదు. తెలుఁగులో రేఫశకటరేఫములు వేఱువేఱని లక్షణకర్తలు చెప్పిరి; ప్రాసమునఁ గలుపరాదని పట్టుపట్టిరి. నేఁడు తెలుఁగువాని చెవికి రెండును నొకటియే. కంటితోఁ జూచి భేదమును గ్రహించుచున్నాఁడు. ఆ తెలుఁగువాఁడే దంత్యచకారమును దాలవ్యచకారమును నొక్క వాక్యములో నప్రయత్నముగా వేఱుపఱిచి పలుకును. కాశీపండితుని కా భేదము వినఁబడదు. తన భాష వేఱుపఱుచుదానినే చెవి వేఱుపఱుచును. రలయోరభేదమని మనవారు శ్లేషకై చెప్పుకొనుమాట జపానీయునకు నిత్యసత్యము. గానమునందు మధ్యమమును, భాషయందు లకారమును ఇసావాను బాధించుట యొక్క కారణము చేతనే.

ఆ పాఠశాలాధ్యక్షుఁడు ఆల్బర్టు బాయిడెను దయాళువు. ప్రాచ్యదేశమునుండి వచ్చిన నీకు మా సంగీతము స్వభావవిరుద్ధము, అందు నీకు మినహాయింపు నిచ్చెదను, తక్కిన విషయములు చదువుకొనుమని యాతఁడు తెలియఁజేసెను. విద్యార్థులలో ననేకు లట్టిమాటకు సంతోషించి యుందురు. ఇసావా దానికి మూఁడుదినములు విలపించినట్లు ముసలితనమున వ్రాసిన యాత్మచరిత్రమునఁ జెప్పుకొన్నాఁడు. రాజాజ్ఞచే నుపాధ్యాయవిద్యను సమగ్రముగా నేర్చుటకుఁ బంపఁబడిన తాను, అందొక భాగమును విడిచి మరలిపోవుట దేశమునకుఁ దలవంపని యాతఁడు తలఁచెను.

ఈ దుఃఖము కేవలము మానాభిమానమువలనఁ గలిగినదని చరిత్రకారులు వ్రాయుట కలదు. అందుఁ గొంత నిజముండవచ్చును. కాని యా యధ్యక్షుని దయలోఁ గ్రుచ్చుకొను ముల్లొకటి కలదు. స్వభావవిరుద్ధమనుటకును నింకను నేర్వలేదనుటకును జాల భేదమున్నది. మొదటిది జాతిని గూర్చిన తీర్పు. రెండవది యొక విద్యార్థిని గూర్చిన వార్త. మినహాయింపు నంగీకరించినచో మొదటిదాని నంగీకరించినట్లగును. ఐచిలోఁ బిల్లలచేఁ బాడించివచ్చినవాఁ డట్లంగీకరింపఁజాలఁడు.

అప్పు డాతనికి లూథరు వైటింగు మేసను పరిచయమయ్యెను. 1818 లోఁ బుట్టిన మేసను చాలవఱకు స్వయంకృషిచే సంగీతమును నేర్చి, బోస్టను పాఠశాలలలోఁ జిన్నతరగతుల గానబోధనకుఁ బర్యవేక్షకుఁడుగా నుండెను. ఆతఁడు మహావిద్వాంసుఁడు కాఁడు; శిశువులకుఁ బాట నేర్పుటలో మాత్ర మారితేఱినవాఁడు. వారమున కొకమాఱు బోస్టనునకుఁ బోయి ఇసావా యాతనియొద్దఁ బాఠము చెప్పించుకొనెను. మేసను పద్ధతిలో విద్యార్థి ముందుగాఁ జెవితో విని, విన్నదానిని బాడి, పిదపనే గోడకు వ్రేలాడఁగట్టిన పెద్దపటములలో దాని వ్రాఁతను జూచును. స్వరములకు మొదట సంఖ్యలే పేర్లు. జపానీభాషలో నంకెలకుఁ గల హి, ఫు, మి, యో, ఇ, ము, న అను పొట్టిపేర్లు దీని కెంతయు ననుకూలించినవి. నాల్గవది యో, ఏడవది న. ఈ రెండును లేని యైదుస్వరముల క్రమమునకు జపానులో తరువాత యోనానుకి యనుపేరు రూఢమయ్యెను. యో-న లను దొలఁగించినదని దాని యర్థము. మన శాస్త్రమున దీనిని మ-ని వర్జ్యమందురు. బ్రిడ్జివాటరులో నొక విద్యార్థిని బాధించిన రెండు మెట్లు తుద కొక పారిభాషికపదముగా నిలిచినవి.

మేసను కిఱువది ముప్పదియేండ్ల శిష్యులు క్రొత్త. శిశువులకుఁ జెప్పినట్లే ఇసావాకును జెప్పెను. ఐచిలోఁ బాడించిన సీతాకోకచిలుకపాట యొక పాశ్చాత్యశిశుగీతపు వరుస కతుకఁబడినది. ఆ వరుసయు జర్మనుదేశమునుండి యింగ్లీషువారికి వచ్చినదే. దానిలో మధ్యమ మున్నది; కాని మెట్టుమెట్టుగా నెక్కునప్పుడు మాత్రమే తగులును. గంతువేసి పట్టుకొనవలసిన మధ్యమముకంటె నడచుచుండఁగాఁ గాలికిఁ దగులు మధ్యమము సులభము. తెలిసిన మాటల నూఁతగాఁ గొని తెలియని స్వరమును జేరుట యీ యభ్యాసము. కొంతకాలమునకు ఇసావా పాశ్చాత్యస్వరక్రమమును దడఁబాటు లేక పాడఁగలిగి, 1877 లోఁ బరీక్షలో నుత్తీర్ణుఁడయ్యెను.

ఉచ్చారణమునకును ఆతఁ డిట్లే గురువును వెదకికొనెను. ఆలెగ్జాండరు గ్రాహం బెల్లు బోస్టనులో బధిరులకు మాటలు నేర్పుచుండెను. ఆతని తండ్రి మెల్విల్ బెల్లు 1867 లోఁ బ్రకటించిన దృశ్యవాగ్లిపిలో నొక్కొక్క వర్ణపు గుఱుతును నాలుక, పెదవి, కంఠము ఆ వర్ణమున కుండు తీరును జూపును. స్థానకరణప్రయత్నములను మన శిక్షాగ్రంథములు వాక్యములతోఁ జెప్పినవి. ఇది గీఁతలతోఁ జెప్పినది. వినలేనివానికిఁ బలుకునేర్పు నుపాయము, వినియు భేదమెఱుఁగలేని వానికిఁ బనికివచ్చునని ఇసావా గ్రహించుట యాతని బుద్ధిసూక్ష్మతకు సాక్ష్యము. ఆ దినములలోనే బెల్లు దూరవాణిని బరీక్షించుచుండెను. ఇసావాయు, హార్వర్డులోఁ జదువుచుండిన కనెకో కెంతారోయు దానిపై జపానుభాషలో మాటలాడి చూచిరి. ఆంగ్లేతరభాష దూరవాణిలో వినఁబడుట యదే మొదలని చెప్పుదురు.

1878 ఏప్రిలులో ఇసావాయు, అమెరికాలోని జపాను విద్యార్థుల పర్యవేక్షకుఁడగు మెగతా తనెతారోయుఁ గలసి పాఠశాలాసంగీతమును గూర్చి విద్యాశాఖకు విజ్ఞాపనము పంపిరి. ఇసావా యా సంవత్సరముననే మరలిపోయెను. 1879 లో సంగీతపరిశోధనమునకై యొక కార్యాలయ మేర్పడఁగా నాతఁడు దాని కధికారియయ్యెను. ఆతనితోఁ బరదేశమునకుఁ బోయిన కోజు సెన్‌జబురోయు నిందుఁ బనిచేసెను. 1880 మార్చిలో మేసను తోక్యో చేరి, 1882 వఱకు నుండెను.

ఆనాఁడు మూఁడు మతములుండెను. పాశ్చాత్యసంగీతమే పరిపూర్ణము గావున దానినే యంతయు గ్రహింపవలెననునది యొకటి. ప్రతిజాతికిని దన సంగీతము కలదు, పరదేశపు మొక్కను దెచ్చి నాటరాదు, స్వదేశమునందున్నదానినే సంస్కరింపవలెననునది రెండవది. రెంటిని గలిపి క్రొత్తదానిని గల్పింపవలెననునది మూఁడవది. ఇసావా మూఁడవదానిని బట్టుకొనెను. సమన్వయము పేరునకు మంచిది. ఎవరిపాలెంత యనునది ప్రయోగమునఁగాని తేలదు.

ప్రయోగము పాఠశాలాగీతముల సంపుటముగా వెలువడినది. మొదటిభాగము 1881 నాఁటిది, రెండవది 1883, మూఁడవది 1884. మొత్తము గీతములు 91, మొదటిభాగమున 33. వీనిలోఁ బెక్కింటికి వరుసలు పాశ్చాత్యములు, మాటలు జపానీయములు. కవులు వరుసను ముందుంచుకొని మాత్రలు లెక్కించి మాటలు కూర్చిరి. జపాను ఛందస్సున గురులఘుభేదము లేదు, ఊనికయు లేదు. ఏడుమాత్రలు నైదుమాత్రలు మాత్రమే నియమము. ఇంగ్లీషు పాటలో నూనిక పడుచోట జపానీ పదమధ్యము పడిన నర్థము చెదరును. పదచ్ఛేదమును దాళఖండమును సరిపోవునట్లు వ్రాయుట తేలికపని కాదు. మనదేశమున ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు వాద్యబృందముల వరుసలకు సంస్కృతసాహిత్యములు ముప్పదికిఁ బైఁగా రచించిన సంగతి సంగీతజ్ఞు లెఱిఁగినదే. వాని ననుభవించినవారికి జపాను కవుల శ్రమ తెలియును. భేదమొక్కటి: దీక్షితుల కది లీల, ఆయన ప్రధానకృతులకు దానితోఁ బనిలేదు. జపానులో నదియే పునాది యయ్యెను.

ఆ 33 గీతములలోఁ గీర్తిగాంచినది మిణుఁగుఱుపురుగును బేర్కొను గీతము. దాని వరుస స్కాట్లండు దేశపు ప్రసిద్ధమైత్రీగీతమునది. మాటలు ఇనగకి చికాయివని చెప్పుదురు. మిత్రులు పాతదినములను దలఁచుకొనునట్టి మూలగీతభావ మిందు లేదు. దీపమునకుఁ జమురు కొనలేని చీనా విద్యార్థు లొకఁడు మిణుఁగుఱుపురుగుల వెలుఁగునను, ఒకఁడు మంచుకాంతినిని జదివినారను పురాతనకథ నెత్తుకొని, విద్య ముగించి విడిపోవు సహాధ్యాయుల గీతముగాఁ గవి దానిని మార్చెను. జపాను పాఠశాలలలో విద్యాసమాప్తిదినమున నది తరతరములుగాఁ బాడఁబడుచు వచ్చినది.

ఈ వరుసయే యింతగా నాటుకొనుటకు హేతువేమి? దానిలో మధ్యమ నిషాదములు లేవు! స్కాట్లండు జానపదగీతములలోఁ బెక్కులు సరిగపధ లలోనే నడచును. లోకమున నీ కొసకును నా కొసకును నున్న రెండు జాతు లొక్కస్వరక్రమమును బాడుచుండఁగా, నడుమ బోస్టను గురువు వాని నెఱుఁగకయే కలిపెను. ఇసావా బ్రిడ్జివాటరులో మధ్యమనిషాదములను సాధించుటకుఁ బడిన శ్రమ యొకవైపు. ఆతని సంపుటములో జనులు హృదయమునకు హత్తుకొనినది యా రెండును లేనిపాట. తరువాత జపానులో రచింపఁబడిన పాఠశాలాగీతములును సేనాగీతములును, జనులు వినోదమునకుఁ బాడుకొను పాటలును జాలవఱకు యోనానుకి స్వరములలోనే నడచినవి. శాస్త్రము పుస్తకముతో వచ్చినను జెవి తన యిల్లు తాను వెదకికొనును.

ఇసావా 1884 లో విద్యాశాఖకు సమర్పించిన నివేదిక యాతని పక్షమునఁ జదువువారికిఁ గష్టము కలిగించును. దానిలో నాతఁడు పాశ్చాత్యుల రెండు స్వరక్రమములను బోల్చి, శంకరాభరణమువంటిదానిచేఁ బెరిఁగిన బాలురు ధీరులును బ్రసన్నులును నగుదురనియు, రెండవదానిచేఁ బెరిఁగినవారు దుర్బలులును విషణ్ణులును నగుదురనియు వాదించెను. కోతో షామిసెనుల నగరసంగీతము రెండవదానికి దగ్గఱ గావున నది బాలుర కపథ్యమని దీని ఫలితార్థము. ఇట్టి వాదము ప్రాచీనగ్రీకులయందును గలదు. భరతుఁడును నాట్యశాస్త్రమున స్వరములకు రసములను జెప్పెను: షడ్జఋషభములు వీరాద్భుతరౌద్రములకు, గాంధారనిషాదములు కరుణమునకు, మధ్యమపంచమములు హాస్యశృంగారములకు. కాని యచట వినియోగము నాట్యమున. కరుణరసమును గానము చేసినవాఁడు దుర్బలుఁ డగునని భరతుఁ డెచటను జెప్పలేదు. రసము ప్రేక్షకున కాస్వాద్యము. శీలమునకుఁ గారణము కాదు. ఇసావా యీ రెంటిని గలిపివేసెను. శ్రోతనుగూర్చిన మాటను పౌరునిగూర్చిన మాటగాఁ జేసెను. తన కంఠము నొకనాఁడు స్వభావవిరుద్ధమని తీర్పు చెప్పినవారికి మనసునొచ్చినవాఁడు తనదేశపు వాద్యములకు స్వభావదోషము నారోపించుట చింతింపఁదగినది.

న్యాయముగాఁ జెప్పవలయునన్నచో నాతని కార్యాలయము కోతోను వెలివేయలేదు. యమసే షోయిన్ అను కోతో విద్వాంసుఁ డందుఁ బనిచేసెను. 1888 లోఁ గోతోగీతముల సంపుటము పాశ్చాత్యలిపిలోఁ బ్రకటింపఁబడినది. అందులోని సకురా గీతము నిప్పుడు లోకమంతట జపానునకు గుఱుతుగా నున్నది. దాని స్వరములో, నివేదికలో నిందింపఁబడిన నగరసంగీతపు స్వరములే. 1895 లో నా సంస్థతోడనే సంబంధముగల ఉయెహరా రొకుషిరో, షకుహచి యను వేణువు నభ్యసించినవాఁడు, లౌకికసంగీతపు స్వరక్రమములను శాస్త్రదృష్టితోఁ బరిశోధించి గ్రంథము వ్రాసెను. ఇసావా నెలకొల్పిన గృహముననే యాతని వాదమునకు సమాధానము పుట్టినది.

పరిశోధనకార్యాలయము 1887 లోఁ దోక్యో సంగీతపాఠశాలగా మాఱెను; ఇసావా దానికి మొదటి యధ్యక్షుఁడు. 1949 లో నది లలితకళాపాఠశాలతోఁ గలిసి విశ్వవిద్యాలయమైనది. 1889 లోఁ బ్రభుత్వముచే సంగీతమునకే పరదేశమునకుఁ బంపఁబడిన మొదటి విద్యార్థిని కోదా నొబు మేసను శిష్యపరంపరలోనిది. ఆమె బోస్టనులోను వియన్నాలోను జదివి 1895 లో మరలివచ్చెను. ఇరువదియేండ్ల క్రిందట మధ్యమమున నిలువలేక యేడ్చిన దేశము కామె వయొలినును బియానోను దీసికొనివచ్చినది.

1895 లో జపాను తైవానును వశపఱుచుకొనఁగా ఇసావా యచటి విద్యాశాఖకు మొదటి యధికారియై పోయి, జపానుభాషను నేర్పు పాఠశాలను స్థాపించెను. ఆతఁడు స్వదేశమునకు వచ్చియున్నప్పుడు, 1896 జనవరి 1 వ తేదీన, తిరుగుబాటుదారు లా పాఠశాలలోని యాఱుగు రుపాధ్యాయులను జంపిరి. పరదేశపు పాటను దాను గోరి నేర్చుకొనుట వేఱు. తన పాటను బరదేశీయులచేఁ బాడించుట వేఱు. బ్రిడ్జివాటరులోఁ బాఠము వలదనుకొను స్వాతంత్ర్య మాతనికుండెను. తైవాను బాలుర కది లేదు. ఇసావా యీ భేదమును గుఱుతించినట్లు కానరాదు.

జపాను బడులలో స్వదేశవాద్యముల సంగతి చాలకాల మట్లే యుండెను. మాధ్యమికపాఠశాలలలోఁ బ్రతివిద్యార్థియు నొక్క స్వదేశవాద్యమునైనను బట్టి చూడవలెనను నియమము 2002 లోఁగాని యమలునకు రాలేదు. 1872 శాసనమునకు నదియు నూటముప్పదియేండ్ల తరువాతిమాట. ఇప్పు డచటి బాలునకు శంకరాభరణస్వరములు సహజములు. కోతో తంత్రులపై సరిమపధ పలికించుటయే క్రొత్త పాఠము.

ఇసావా యుద్యోగములు విడిచిన పిదప బోస్టను చదువులో రెండవభాగమును జేతఁబట్టెను. దృశ్యవాగ్లిపిని జపానుభాషకు వర్తింపఁజేసి 1901 లో గ్రంథము ప్రకటించెను. 1903 లో నత్తిగలవారికి మాట సరిచేయుటకై రకుసెకిషా యను సంస్థను దోక్యోలో స్థాపించెను. తన తొలియుద్యోగములలోఁ బాఠశాలల నడిపినట్లే దీనిని నడిపి, వచ్చినవారిని దానే కూర్చుండఁబెట్టుకొని, నాలుక నెచట నుంచవలయునో చూపుచు 1917 లో మరణించువఱకు నా పనిలోనే యుండెను.